పదకొండు కిలోలు

పాత రేవు, పడవలోంచి
ఎండలు ముదిరిన వారం

ఒరేయ్ మీటరూ,

ఆర్నెల్ల తర్వాత అక్క ఉత్తరం రాసిందంటే ఏదో పని పడే రాసి ఉంటుందని కవరు చింపకముందే అనుకుని ఉంటావు. నిజమే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. తమ్ముడు అడిగితే అయినా పెడతాడో లేదో చూద్దామని రాస్తున్నాను. పడవకి లిథియం బ్యాటరీ ఒకటి కొనాలి. మంచిదై ఉండాలి, చవగ్గానూ ఉండాలి. పిండి కొద్దీ రొట్టె అని నువ్వు అంటావని తెలుసు. నా దగ్గరున్న పిండి ఎంతో నీకూ తెలుసు.

పడవ అడుగున ఉన్న రెండు సీసం బ్యాటరీలకీ ఏడేళ్ళు నిండాయి. కప్పు మీది సోలార్ పలకలు పగలంతా నింపినా తెల్లవారకముందే చేతులెత్తేస్తున్నాయి. రేవులో ఉన్నన్నాళ్ళూ గట్టు మీంచి వైరు లాక్కుని నెట్టుకొస్తున్నాను. కానీ నెలన్నరలో ఎగువ రేవులకి వెళ్ళాలి. వానలు పడేలోగా అక్కడి పడవలకి టార్పాలిన్ కప్పులూ సీటు కవర్లూ కుట్టి ఇవ్వాలి. నా ఏడాది తిండి ఆ రెండు నెలల్లోనే ఉంది. అక్కడ గట్టు మీద ప్లగ్గు అనేది లేదు. బ్యాటరీ నిలబడకపోతే ఈసారి నేను కదలలేను.

ఇక్కడి బజార్లో ముగ్గురు అమ్ముతున్నారు. ముగ్గురివీ నల్ల డబ్బాలే. ముగ్గురి స్టిక్కర్ల మీదా వంద అనే ఉంది. ధర మాత్రం ఒకదానికి ఇంకొకటి రెట్టింపు. ఎందుకని అడిగితే ఒకడు నవ్వాడు, ఒకడు కోప్పడ్డాడు, మూడోవాడు కుర్చీ వేశాడు.

వాడకం కూడా రాస్తున్నాను, లేకపోతే ముందు అదే అడుగుతావు. చిన్న లైట్లు నాలుగు. నీళ్ళ పంపు రోజుకి పావుగంట. ఫోను. కుట్టు మిషను కాలితో తొక్కేదే. ఇవి కాక ఫ్యాను ఒకటి, నలభై వాట్లు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా తిరగాలి. మధ్యలో ఆగకూడదు.

ఫోను చెయ్యకు, ఇక్కడ సిగ్నల్ ఉండదు. రేవు టికెట్ల గదికి ఉత్తరం పంపితే అక్కడావిడ నాకు అందిస్తుంది.

అక్క


గోదాము వెనక, వర్క్‌షాపు
ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బ్యాటరీ కోసం, రెండోసారి ఫ్యాను కోసం.

ముందు బ్యాటరీ సంగతి. నీ ఫ్యాను నలభై వాట్లు, ఎనిమిది గంటలు, అంటే మూడు వందల ఇరవై. లైట్లూ పంపూ ఫోనూ కలిపి ఇంకో వంద వేసుకో. రోజుకి నాలుగు వందల పైచిలుకు. వంద ఆంపియర్ అవర్ల లిథియంలో నిజంగా వంద ఉంటే, పన్నెండు వందలు దాటి ఇస్తుంది. రెండు రోజులు మబ్బు పట్టినా నీకు భయం లేదు. రెండు వందలది అంటగట్టబోతే కొనకు.

కానీ స్టిక్కరు మీద వంద రాసున్నంత మాత్రాన లోపల వంద ఉండాలని లేదు. ఇక్కడ మా గోదాములో సరుకులెత్తే బండ్లకి వచ్చే బ్యాటరీలు నేనే పరీక్ష చేస్తాను. వంద అని రాసి నలభై ఇచ్చినవి చూశాను. మూడు ప్రశ్నలు అడుగు. లోపలి సెల్స్ ఐరన్ ఫాస్ఫేటు రకమేనా? లోపల బీఎంఎస్ ఉందా? అంటే సెల్స్‌కి కాపలా కాసే బోర్డు. ఎక్కువ నింపినా, ఎక్కువ పీల్చినా, అది కరెంటు ఆపేస్తుంది. మూడోది, దుకాణంలోనే బల్బు పెట్టి గంటల లెక్కన ఖాళీ చేసి చూపిస్తారా? మూడో ప్రశ్నకి ఎవడు తల ఊపితే వాడి దగ్గర కొను. అందరికంటే చవకది వదిలెయ్, అందరికంటే ఖరీదుదీ వదిలెయ్.

ఇక ఫ్యాను. పడవ ఫ్యాను పదిహేను వాట్లుంటుంది, మహా అయితే ఇరవై. నలభై వాట్ల ఫ్యాను ఆ చిన్న గదిలో పెడితే నువ్వు కుట్టే గుడ్డలన్నీ ఏట్లో తేలుతాయి. పైగా అది మధ్యలో ఆగకూడదంటున్నావు. ఫ్యాను ఆగితే మనిషి తిట్టుకుని, అటు తిరిగి పడుకుంటాడు. ఆగితే ఒప్పుకోని ఫ్యాను ఏమిటో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇంకోటి. సిగ్నల్ లేదన్నావు. కిందటి వారం పడవ మీద వాలిన కొంగ ఫొటో నా ఫోనుకి ఏ పావురం మోసుకొచ్చింది?

తమ్ముడు


పాత రేవు, పడవలోంచి
పది రోజుల తర్వాత

మీటరూ,

నీకు చిన్నప్పుడు ఆ పేరు పెట్టినవాళ్ళని మెచ్చుకోవాలి. బ్యాటరీ అడిగితే పావురాల లెక్క తీస్తావు. అది ఫ్యానే. పాతది, అందుకే ఎక్కువ తాగుతుంది. అక్కడితో వదిలెయ్.

బ్యాటరీ కొనేశాను. నీ మూడు ప్రశ్నలూ అడిగాను. సెల్స్ ఏ రకమంటే ముగ్గురూ స్టిక్కరు చూపించారు. కాపలా బోర్డు ఉందా అంటే ముగ్గురూ ఉందన్నారు. బల్బు పెట్టి చూపిస్తారా అంటే నవ్వినవాడు మళ్ళీ నవ్వాడు, కోప్పడ్డవాడు మళ్ళీ కోప్పడ్డాడు. కుర్చీ వేసినవాడు మాత్రం, అమ్మా అంత టైము ఎక్కడిది, కావాలంటే ఎత్తి చూసుకోండి అన్నాడు.

ఆ మాట బాగుందనిపించింది. పక్క పడవ ముసలాయన సాయంగా వచ్చాడులే. ఆయన మూడు డబ్బాల్నీ వరసగా ఎత్తి చూశాడు. రెండు చేతులా మోకాలి ఎత్తు దాకా లేపి, కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టి, చప్పుడు కాకుండా దించాడు. మొదటిది పదకొండు కిలోలు, పనికిరాదన్నాడు. రెండోది పన్నెండు. మూడోది పంతొమ్మిది. ఇదే, ఇందులో సరుకుంది అన్నాడు. విచిత్రమేమిటంటే మూడింట్లో చవకది కూడా అదే. కుర్చీ వేసినవాడిదే. నా అదృష్టం చూశావా.

నాలుగు రాత్రులుగా చక్కగా నడుస్తోంది. నీకు థాంక్స్ చెప్పాలి గానీ, నువ్వు చెప్పింది ఏదీ జరగలేదు కాబట్టి సగమే చెబుతున్నాను.

అక్క


గోదాము వెనక, వర్క్‌షాపు
ఉత్తరం అందిన పూటే

అక్కా,

ఆ బ్యాటరీని నమ్ముకుని రేవు వదలొద్దు. గట్టు మీది వైరు పీకొద్దు. కారణం తర్వాత చెబుతాను, ముందు ఒక ప్రశ్నకి జవాబు రాయి.

ఆ పక్క పడవ ముసలాయనకి కుడి చేతి బొటనవేలి గోరు సగమే ఉంటుందా? సీసం పోత పోస్తుండగా అచ్చు మీదపడి పోయిన గోరు?

మోకాలి ఎత్తు దాకా లేపి, కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెట్టి దించే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన కొట్లో బల్ల కింద కూర్చునే నేను చదువుకున్నాను. ఊళ్ళో అందరూ ఆయన్ని కాటా మేస్త్రి అనేవాళ్ళు. ఆయన చేత్తో చెప్పిన బరువుకీ కాటా మీది బరువుకీ పావుకిలో తేడా ఉండేది కాదు. నాన్న నీ పడవ మీద ఎప్పట్నించి ఉన్నాడు? ఆ నలభై వాట్లది ఆయనదేనా? ఏమిటది?

ఆరేళ్ళ కిందట ఏం జరిగిందో నీకు ఆయన మాటల్లోనే తెలుసు. నా మాటల్లో విను. మొదటి లిథియం బ్యాటరీ నేను కొట్టుకి తెచ్చిన రోజు, ఆయన దాన్ని ఒంటి చేత్తో ఎత్తి, ఖాతాదార్ల ముందు, "ఇది బ్యాటరీ కాదురా, ఖాళీ డబ్బా" అని మెట్ల మీద పెట్టేశాడు. అంతవరకే అయితే నేను నవ్వేసేవాణ్ణి. కానీ నేనూరుకోలేదు. "నువ్వమ్మేది బరువు నాన్నా, కరెంటు కాదు" అన్నాను. ఆ మాటకి ఆయన సీసం కరిగే పొయ్యి ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట నేను ఊరొదిలేశాను.

అప్పట్నించి బరువనే మాట మన ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నీకు కొనే పద్ధతి రాసినప్పుడు నేనూ ఎత్తలేదు. తూకం రాస్తే పాత కథ తవ్వినట్టవుతుందని మింగేశాను. తప్పు అక్కడే జరిగింది. వంద ఆంపియర్ అవర్ల ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ పదకొండు, పన్నెండు కిలోలే ఉండాలి. పంతొమ్మిది కిలోలుంటే లోపల ఇంకేదో ఉంది. సీసంలో బరువు ఎక్కువైతే సరుకెక్కువ. ఇందులో అలా కాదు. ఈ ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు మొదటిది కొనేదానివి.

జవాబు తొందరగా రాయి.

తమ్ముడు


పాత రేవు, పడవలోంచి
బుధవారం

తమ్ముడూ,

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. నీ ఉత్తరం విప్పగానే ముందు ఆయన బొటనవేలి వంక చూశాను.

ఆయనే. కిందటి వానాకాలం నుంచీ నాతోనే ఉన్నాడు. కొట్టు ఇచ్చేశాడు. సీసం వాసన పడటం లేదన్నాడు. నేనూ అదే అనుకున్నాను. తీరా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందట, గంటకి ముప్ఫై సార్లు. ఇలాగే వదిలేస్తే గుండె అలిసిపోతుందన్నారు. ముక్కుకి గొట్టం తగిలించి గాలి తోసే మిషను ఇచ్చారు. ఒక్క రాత్రి కూడా మానకూడదన్నారు. నీ నలభై వాట్ల ఫ్యాను అదే. పగలంతా ఇంతకుముందులాగే ఉంటాడు, నా కుట్లకి వంకలు పెడతాడు, పక్క పడవల వైరింగు మీద తీర్పులు చెబుతాడు. చింత చచ్చినా పులుపు చావలేదు.

వాడికి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఫోనులో మాట్లాడితే చెక్క గోడ అవతల ప్రతి మాటా వినిపిస్తుంది. అందుకే సిగ్నల్ లేదన్నాను. ఫ్యానని రాశాను. పక్క పడవ ముసలాయన అని కూడా రాశాను. ఒక్క అబద్ధానికి ఎన్ని కుట్లు వెయ్యాల్సొచ్చిందో చూడు.

నీ అనుమానమే నిజం. నీ ఉత్తరం రాకముందే, పన్నెండో రాత్రి బ్యాటరీ పోయింది. గట్టు వైరు తీసేసి, ఎగువకి వెళ్ళినట్టే నడిపి చూద్దామన్నాడు. నాలుగింటికి మిషను కుయ్యిమని ఆగింది. లేచి చూస్తే గొట్టం పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నన్ను లేపనేలేదు. పొద్దున అన్నాడు, "నన్ను ఈ రేవులోనే ఏదైనా గదిలో పెట్టి నువ్వెళ్ళు. గోడకి ప్లగ్గుంటే చాలు నాకు" అని. రాత్రిపూట ఆయన్ని ఒంటరిగా వదిలి నేనెలా వెళ్తాను? వెళ్ళకపోతే ఏం తింటాం? నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ డబ్బా నీకు లారీ పార్సిల్లో పంపాను. లోపల ఏముందో చూడు. రేవు వదలడానికి ఇంక మూడు వారాలే ఉంది.

అక్క


గోదాము వెనక, వర్క్‌షాపు
శనివారం

అక్కా,

డబ్బా వచ్చింది. బల్ల మీద పెట్టి జాగ్రత్తగా కోశాను. నువ్వలాంటి పని ఎప్పుడూ చెయ్యకు. లోపల ఎక్కడో వాడి పారేసిన సెల్స్ సగం డబ్బాకే ఉన్నాయి. మిగతా సగంలో ప్లాస్టిక్ సంచీల్లో కట్టిన ఇసుక. నాలుగు సంచులు. కుర్చీ వేసినవాడు ఎత్తి చూసుకోమని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. సీసానికి అలవాటు పడ్డ చేతులు ఆ రేవులో ఎన్నున్నాయో వాడు లెక్కేసుకున్నాడు.

ఆ ఇసుక చూసి నేను గెలిచినట్టు నవ్వుకుంటానని నువ్వనుకుంటే పొరపాటు. ఆరేళ్ళ కిందటి నా మాటని ఎవడో నిజంగానే సంచుల్లో కట్టి ఆయనకి అమ్మాడు. ఇసుక సంగతి నాన్నకి చెప్పొద్దు. సెల్స్ పాడైపోయాయని చెప్పు, చాలు.

ఈ ఉత్తరంతోపాటే ఇంకో బ్యాటరీ పంపుతున్నాను. పేరున్న కంపెనీది కాదు. మా గోదాముకి సరఫరా చేసే చిన్న కార్ఖానాది. పేరున్న వాటిలో సగం ధర. వాళ్ళవి ఇరవై దాకా పరీక్ష చేశాను, ఒక్కటే వెనక్కి పంపాను. ఇదీ మూడుసార్లు నింపి ఖాళీ చేశాను. వందకి నూటమూడు ఇచ్చింది. పదకొండు కిలోలు. దుకాణంవాడు మార్చి ఇచ్చాడని చెప్పు. నేను పంపానంటే తాకనైనా తాకడు.

ఇంకొన్ని మాటలు. సోలార్ పలకల నుంచి బ్యాటరీ నింపే డబ్బాలో సీసం అని ఉన్న మీటని లిథియం వైపు తిప్పు. ఫ్యూజు పంపాను, అది లేకుండా కలపొద్దు. మిషనుకి ఇన్వర్టరు వద్దు. పన్నెండు వోల్టుల తీగ వేరే దొరుకుతుంది, అది నేరుగా తగిలిస్తే వృథా తగ్గుతుంది. గాలిని తడిపే నీళ్ళ గిన్నె ఒకటి ఉంటుందట దానికి. దాని వేడే సగం కరెంటు తాగుతుంది. డాక్టరు సరేనంటే ఎగువకి వెళ్ళినప్పుడు ఆపెయ్యి.

గంటకి ముప్ఫై సార్లని రాశావు. నిన్నంతా పని చేస్తూ అదే లెక్కపెట్టుకున్నాను. రెండు నిమిషాలకి ఒకసారి.

తమ్ముడు


పాత రేవు, పడవలోంచి
మొదటి మబ్బు పట్టిన వారం

తమ్ముడూ,

బ్యాటరీ క్షేమంగా చేరింది. నువ్వు నేర్పిన అబద్ధమే చెప్పాను. నాన్న ఒంటి చేత్తో ఎత్తాడు. ఖాళీ డబ్బా అంటాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన దించి, వంగి, పైన తీగలు బిగించే బోల్టుల దగ్గర చాలాసేపు చూశాడు. తర్వాత పాత పెట్టెలోంచి రెండు కారు బల్బులూ, మీటరూ, బల్ల గడియారం తీశాడు.

పొద్దున ఆరింటికి బల్బులు వెలిగించి ఎదురుగా కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. గంటకోసారి మీటరు చూసి, నా కుట్ల పుస్తకంలో కొలతల పేజీ వెనక రాసుకున్నాడు. మధ్యలో, ఇదేమిటి, ఇదెలా అని తనలో తను గొణుక్కున్నాడు. అన్నానికి రమ్మంటే బల్బు వైపు చెయ్యి చూపించాడు. ఆయన్ని అంత ఇష్టంగా కూర్చుని ఉండగా చూసి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం కాగితం అడిగి తీసుకున్నాడు. మడిచి, అంటించి, వాడికి పంపు అన్నాడు. ఎవరికని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను చదవలేదు. ఇందులోనే పెడుతున్నాను.

అక్క


పడవ మీద నుంచి

అబ్బాయికి,

మీ అక్క దుకాణంవాడు మార్చి ఇచ్చాడంది. బోల్టు బిగించాక దాని నెత్తి మీంచి పక్కకి ఎర్ర రంగు గీత గీస్తే, తర్వాత వదులైతే గీత తప్పి తెలుస్తుంది. అది నేను ఒక్కడికే నేర్పాను. ఈ బ్యాటరీ రెండు బోల్టుల మీదా ఆ గీత ఉంది.

ఇసుక సంగతి కూడా తెలుసు. ఆ డబ్బా మూల పగిలి ఉంది. పార్సిలు వెళ్ళాక దాని చోట గుప్పెడు మిగిలింది. మీ అక్క చూడకముందు తుడిచేశాను. బరువు అమ్ముతావన్నావు నన్ను. ఇసుక కొన్నాను. దాని గురించి ఇంక రాయను.

అడగాల్సింది వేరే ఉంది. నూటపది వాట్ల బల్బులు పెట్టాను. ఆరింటికి పదమూడు పాయింటు రెండు. ఎనిమిదింటికి అంతే. పన్నెండింటికి పదమూడు పాయింటు ఒకటి. మూడింటికీ అంతే. మీటరు పాడైందని ఇంకో మీటరు పెట్టాను. అదీ అంతే అంది. పదకొండు గంటలు బల్బు కాంతి ఈషణ్మాత్రం తగ్గలేదు. పన్నెండో గంట సగం కాగానే చెప్పాపెట్టకుండా ఆరిపోయింది. నలభై ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను, ఇలాంటిది చూడలేదు. చాలా బాగుంది.

కానీ సీసమైతే పోయేముందు చెబుతుంది. కాంతి తగ్గుతుంది, వోల్టు దిగుతుంది, చూసి ఇన్ని గంటలుందని చెప్పేవాణ్ణి. ఇది చెప్పదు. రాత్రి పడుకునేముందు నాకు తెలియాలి కదా. ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది?

నాకు తెలియడం లేదు. నీకు తెలిస్తే రాయి.

నాన్న


గోదాము వెనక, వర్క్‌షాపు
ఉత్తరం అందిన పూటే

నాన్నా,

నువ్వు నన్ను ఒక ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. అందుకని తప్పు లేకుండా రాద్దామని మూడు కాగితాలు చింపాను.

వోల్టు చూసి దీని సంగతి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. దీనికి వేరే చిన్న మీటరుంటుంది. మైనస్ తీగకి తగిలిస్తే, లోపలికి ఎంత వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది, మొదటి నుంచీ లెక్కపెడుతూ ఉంటుంది. ఇంకా ఎన్ని గంటలుందో అంకె చూపిస్తుంది. నీ మంచం పక్కనే పెట్టుకోవచ్చు. నువ్వు పెట్టిన పరీక్షకీ నేను పెట్టిన దానికీ రెండే ఆంపియర్ అవర్ల తేడా వచ్చింది. నావి పెద్ద మిషన్లు, నీవి రెండు కారు బల్బులు.

ఇంకోటి నువ్వు తెలుసుకోవాలి. ఇక్కడికి ఏ బ్యాటరీ వచ్చినా మిషనుకి తగిలించేముందు నేను మోకాలి ఎత్తు దాకా ఎత్తి, కళ్ళు మూసుకుని, మూడు లెక్కపెడతాను. ఇక్కడివాళ్ళు నవ్వుతారు. ఇసుక డబ్బా పార్సిలు విప్పి ఎత్తినప్పుడు, మూడు అనకముందే చేతికి తెలిసిపోయింది. ఎంతుండాలో అంతకి మించి ఉందని. కోసి చూడటం ఆ తర్వాతి పని. ఆ చెయ్యి నువ్విచ్చిందే. దానికి కొత్త అంకె ఒక్కటి తెలియాలి, పదకొండు. ఆ అంకె నీకు చెప్పాల్సినవాణ్ణి నేను. ఆరేళ్ళు చెప్పలేదు. ఆ రోజు కొట్లో అన్న మాట అనకుండా ఉండాల్సింది.

మీటరు కొన్నాను. పార్సిల్లో పంపను. ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరి నేనే తెస్తున్నాను. నేను బిగిస్తాను, నువ్వు పక్కన కూర్చుని వంకలు పెట్టు. ఎర్ర రంగు నీ దగ్గర ఉంటే తీసి ఉంచు, నాది అయిపోయింది.

అక్కకి చెప్పు, నేను వచ్చేదాకా పడవ కట్టు విప్పొద్దని.

అబ్బాయి